నాలుగింటిలో ఒకటి

ఏటా దసరా సెలవులు అయిపోగానే పదో తరగతి వాళ్లకు అనువంశికత పాఠం మొదలుపెడతాను. బఠాణీ మొక్కతో మొదలవుతుంది ఆ పాఠం. ఆత్మకూరు చుట్టుపక్కల పిల్లల్లో బఠాణీ మొక్కను కళ్లారా చూసినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. వాళ్లకు తెలిసినవి బస్టాండులో పొట్లం కట్టి అమ్మే వేయించిన బఠాణీలే. పొడుగు మొక్క, పొట్టి మొక్క, బహిర్గతం, అంతర్గతం, మూడుకు ఒకటి నిష్పత్తి అంటూ నేను బోర్డు మీద గడులు గీస్తాను, వాళ్లు నోటుబుక్కులో గీసుకుంటారు. పరీక్షలో ఆ ప్రశ్నకు మార్కులు ఎవరికీ పోవు. పదేళ్లుగా గీస్తున్నాను ఆ గడులు. ఈమధ్య వాటిని గీయాలంటే ఒళ్లు మండుతోంది.

పాఠంలో తప్పేం లేదు. మంట నా ఇంటివాళ్ల మీద. అందులో కొంత నా మీద కూడా అని ఈమధ్యే తెలిసింది.

నాకు ఒక్కతే చెల్లెలు, రెండేళ్లు చిన్నది. ఆమెను మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చారు. అంటే నా మేనమామే నాకు బావ. అమ్మను కన్న తల్లి, నేను అవ్వా అని పిలిచే మనిషి, నా చెల్లెలికి అత్తగారు. మా వైపు ఇది వింతేమీ కాదు. పిల్ల పుట్టిన రోజునే మేనమామ వరస వాళ్లెవరున్నారని చూస్తారు. పరాయి కొంపకు పోతే ఎట్లా చూసుకుంటారోనని భయం, మన కొంపకే పోతే మన పిల్లే కదా అని ధైర్యం. మామకు ఉదయగిరిలో బోరు మోటార్లు బాగుచేసే అంగడి ఉంది. తాగుడు లేదు, జూదం లేదు. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పింది ఆయనే. ఆ పెళ్లి నాటికి నేను ఆత్మకూరులో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. పెళ్లి ఉదయగిరిలోనే, కొండ కిందున్న మా అవ్వ ఇంటి ముందు జరిగింది. అందరూ సంతోషించారు.

రెండేళ్ల తర్వాత నా వంతు వచ్చింది. మా నాయన చెల్లెలికి ఒక కూతురుంది. ఆ పిల్ల నాకేనని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. నేను ససేమిరా అన్నాను. ఎందుకని అడిగితే నాకు తెలిసిన శాస్త్రమంతా ఏకరువు పెట్టాను. దగ్గరి రక్తంలో ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువనీ, రెండూ ఒకచోట కలిస్తే బిడ్డలో బయటపడుతుందనీ చెప్పాను. నాయన మూడు వారాలు నాతో మాట్లాడలేదు. మేనత్త ఇప్పటికీ మా ఇంట్లో మంచినీళ్లు ముట్టదు. చదువుకున్నోడి పొగరు అన్నారు. అంటే అననీ అనుకుని కలిగిరిలో బయటి సంబంధం చేసుకున్నాను. ఆ విషయంలో చాలాకాలం నాకు కాస్త గర్వంగానే ఉండేది.

చెల్లెలికి ఐదేళ్లకు గానీ కాన్పు కాలేదు. పుట్టింది ఆడపిల్ల. చూడముచ్చటగా ఉండేది, ఎవరు ఎత్తుకున్నా నవ్వేది. ఏడాది దాటినా మాట రాలేదు. ఆలస్యంగా మాట్లాడే పిల్లలు బాగా చదువుతారని అవ్వ అనేది. ఒకరోజు నేను వాళ్లింట్లో ఉండగా వంటింట్లో ఇత్తడి గంగాళం ధభీమని కింద పడింది. మేమందరం ఉలిక్కిపడ్డాం. నట్టింట్లో బోర్లా పడుకుని చాప అంచు పీకుతున్న పాప తల కూడా తిప్పలేదు. నేనూ చెల్లెలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. 

అక్కడినుంచి కారణాలు మొదలయ్యాయి. గ్రహణం రోజు కడుపుతో ఉండి బయట తిరిగిందన్నారు. ఎవరిదో దిష్టి అన్నారు. ఏడో నెలలో బస్సెక్కి పుట్టింటికి పోయినందుకే అన్నారు. అనుమసముద్రంపేట దర్గాలో మూడు రాత్రులు నిద్ర చేయించారు. దర్గాకు పోవడం మీద నాకు పేచీ లేదు, మొక్కుకుంటే మనసుకు నెమ్మది. కానీ చెప్పిన ప్రతి కారణంలోనూ దోషం నా చెల్లెలిదే. బయట తిరిగిందీ ఆమే, బస్సెక్కిందీ ఆమే. ఇన్ని కారణాల్లో మామ పేరు ఒక్కసారైనా రాలేదు.

చివరికి నేనే గొడవపడి నెల్లూరు తీసుకుపోయాను. పరీక్షలన్నీ అయి, పాపకు పుట్టుకతోనే వినపడదని తేలాక డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "మేనరికమా?" అని. అవ్వ, అమ్మ, మామ, ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నేల చూపులు చూశారు. నేను అవునన్నాను. ఇంట్లో ఇంతకుముందు ఇట్లా ఎవరైనా ఉన్నారా అని ఆమె మళ్లీ అడిగితే, లేరని అవ్వ గట్టిగా చెప్పింది.

తిరుగు బస్సులో అడిగాను. "అవ్వా, మీ అన్న ఉండె గదా? మేకలు తోలుకొని పొయ్యేవాడే, మాట్లాడేవాడు కాదే?"

"వాడికి చిన్నప్పుడు విషజ్వరం తగిలి మాట పొయింది. పుట్టుకతో కాదు."

"మాట పోవడం కాదు, చెవులు వినపడేవా?"

అవ్వ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "నువ్వు మా పుట్టింటోళ్ల మీద పడొద్దు" అంది.

నాకు అప్పుడే మొత్తం అర్థమైంది. మా అవ్వవాళ్ల అమ్మానాన్నలదీ మేనరికమే, అవ్వదీ మేనరికమే. ఆ పెద్దాయనలో బయటపడిన లోపం తక్కినవాళ్లలో కనిపించకుండా ఉండిపోయింది. అవ్వ పిల్లలిద్దరికీ, అంటే అమ్మకూ మామకూ, ఒక్కొక్కటి చేరింది. ఒక్కటే ఉంటే ఏమీ కాదు, చెవులు బాగానే వినపడతాయి. అమ్మ నుంచి అది చెల్లెలికి వచ్చింది. చెల్లెలి దగ్గరున్నదీ మామ దగ్గరున్నదీ పాపలో కలిశాయి. నాకూ అమ్మ నుంచి వచ్చే ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు, చెరి సగం అవకాశం.

ఇదంతా మామకు వివరంగా చెప్పాను. ఆయన మోటారు విప్పి ముందు పెట్టుకుని విన్నాడు.

"నాకు రెండు చెవులూ బాగుండాయి. నీ చెల్లెలికీ బాగుండాయి. ఇద్దరి దగ్గరా లేంది పిల్లకి యాడినించి వస్తాదిరా?"

"లేక కాదు మామా, కనపడకుండా ఉండాది."

"కాయిల్ కాలితే కాలినట్టు కనపడతాది. కనపడంది కాలలేదనే. నువ్వు మాకు పాఠాలు చెప్పబాకు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఒకప్పుడు క్లాసులో తరచూ అనేవాణ్ని. ఈ పాప పుట్టాక ఆ సామెత మానేశాను. పాపకు నేర్పితే ఏదైనా తెలుస్తుంది. చెవులున్నవాళ్లకే నేను ఏమీ తెలియజెప్పలేకపోయాను.

పాపకు చెవి మిషన్ పెట్టించాం. దాంతో కొద్దిగా చప్పుళ్లు తెలిసేవి, మాటలు తెలిసేవి కావు. మండలంలో ఇలాంటి పిల్లలకు చెప్పే ఒక టీచరమ్మ దగ్గర చెల్లెలు చేతులతో మాట్లాడడం నేర్చుకుంది. ఆకలి, నీళ్లు, బడి, భయం, రేపు, అన్నిటికీ చేతిలో ఒక గుర్తు ఉంది. పాప ఒక్క ఏడాదిలో అన్నీ పట్టేసింది. ఇద్దరూ గబగబా మాట్లాడుకుంటుంటే అవ్వకు కంటగింపుగా ఉండేది, మూగసైగలు చేస్తే ఇంకెప్పటికీ మాట రాదని తిట్టేది. మామ నేర్చుకోలేదు. నేనూ నేర్చుకోలేదు. ఆ లోపం ఏ దారిన వచ్చిందో విప్పి చెప్పడంలోనే నా ఓపికంతా అయిపోయింది.

పాపకు ఐదేళ్లు నిండేసరికి ఇంట్లో కొత్త రాగం మొదలైంది. ఇంకో బిడ్డ కావాలి. వినపడే బిడ్డ కావాలి. లేకపోతే కొడుక్కి ఇంకో పిల్లను చూస్తానని అవ్వ ఇరుగుపొరుగుతో అనడం చెల్లెలి చెవిన పడింది. సొంత మనవరాలి గురించి అట్లా ఎట్లా అనగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మామ అవునూ అనలేదు, కాదూ అనలేదు. కాదనకపోవడమే నాకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ మాట తెలిసిన ఆదివారం పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కాను. మాటలతో లాభం లేదని, అవ్వ అష్టాచెమ్మా ఆడుకునే చింతపిక్కలు రెండు తీసుకున్నాను. ఒక పక్క రాయి మీద తెల్లగా అరగదీసిన పిక్కలవి. ఆ ఆటలో అవ్వను ఓడించిన మొనగాడు మా వంశంలో లేడు. అందరినీ నట్టింట్లో కూర్చోబెట్టాను.

"ఇది తల్లి నించి వచ్చేది, ఇది తండ్రి నించి వచ్చేది. తెలుపు పడితే లోపం వచ్చినట్టు. రెండూ తెలుపు పడితేనే బిడ్డకి వినపడదు. ఒక్కొక్కసారి వేస్తే ఒక్కొక్క బిడ్డ. నాలుగింటిలో ఒక వంతు అంటే ఇదే. ఇప్పుడు వెయ్యి అవ్వా."

అవ్వ పిక్కలు గుప్పిట్లో గలగలలాడించి వేసింది. రెండూ తెల్లగా పడ్డాయి.

"ఇది పెద్దపాప" అంది. ఆ చురుకుదనం చూసి నాకు ఆశ పుట్టింది.

మళ్లీ వేసింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. మూడోసారి రెండూ నలుపు. నాలుగోసారి మళ్లీ ఒకటి తెలుపు, ఒకటి నలుపు. పుస్తకంలో ఉన్నట్టే, నాలుగింటిలో ఒకటి, సరిగ్గా పడ్డాయి. మామ తొడ మీద చరుచుకున్నాడు.

"అదీ లెక్క! ఒకటి పొయింది, మూడు మిగిలినాయి. మూడూ నిఖార్సుగా ఉండాయి. ఇంత సులువుగా చెప్పొచ్చు గదరా, ఇన్నాళ్లూ బెదరగొట్టినావు!"

"అట్టా కాదు మామా! ఒకసారి పడినాది గదా అని పిక్కలకి గుర్తుండదు. ప్రతిసారీ కొత్తే. ప్రతి బిడ్డకీ నాలుగింటిలో ఒకటే. మళ్లీ వెయ్యవ్వా, నీకే తెలుస్తాది."

ఐదోసారి వేసింది. రెండూ తెలుపు.

"చూసినారా!" అన్నాను, గెలిచినట్టు.

"అది ఐదో కాన్పు గదా. ఐదుగురు మాకెందుకులే" అని అవ్వ పిక్కలు కొంగున కట్టుకుంది.

జీవితంలో నేను అంత ఘోరంగా ఎప్పుడూ పాఠం చెప్పలేదు. శాస్త్రం తెలియనివాళ్లకు తెలియజెప్పబోయి, వాళ్ల మూఢనమ్మకానికి నా చేతులతో నేనే కొత్త చొక్కా తొడిగి వచ్చాను. అప్పటివరకూ దిష్టి, గ్రహణం అనేవాళ్లు. ఆరోజు నుంచి "మా అల్లుడు సైన్సు మేష్టరు, వాడే చెప్పినాడు, ఇంక మూడూ మంచియేనంట" అని అంగట్లో గిరాకీలకు కూడా చెప్పడం మొదలుపెట్టాడు మామ.

ఆ తర్వాత నెలలోనే చెల్లెలు మిషన్ రిపేరుకని పాపను తీసుకుని ఆత్మకూరు వచ్చింది. తిరిగి బస్సెక్కించడానికి డిపో దగ్గరికి పోయాను. పాప నా చెయ్యి పట్టుకుని బస్సుల బోర్డులు చూస్తోంది. చెల్లెలు ఉన్నట్టుండి అడిగింది.

"అన్నా, లెక్క వద్దు. నువ్వు చెప్పు. ఇంకో బిడ్డను కనమంటావా, వద్దంటావా?"

"నాలుగింటిలో ఒక వంతు రిస్కు ఉండాది. మూడు వంతులు బాగుండొచ్చు. డెసిషన్ మీరిద్దరూ..."

"లెక్క వద్దన్నాను గదన్నా. నాకు దీంతో కష్టం లేదు. ఇది చెప్పేది నాకు తెలస్తాది, నేను చెప్పేది దీనికి తెలస్తాది. ఇంకోటి కూడా ఇట్టనే పుడితే నాకు సంతోషమే. కానీ వాళ్లు నన్ను ఆ ఇంట్లో ఉండనియ్యరు. అందుకని అడగతుండాను."

కర్ర విరగకూడదు, పాము చావకూడదు, అదీ నా ధోరణి. ఆమెకు కావలసింది అండగా ఒక మాట. కనొద్దు, నిన్ను ఎవరు వెళ్లగొడతారో నేను చూస్తానని అనొచ్చు. కను, ఏమైనా నేనున్నానని అనొచ్చు. నేను మళ్లీ డాక్టరమ్మను కలవమన్నాను, టెస్టులు ఉంటాయన్నాను. ఆ టెస్టుకు మామ రాడని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బస్సు వచ్చింది. పాపను ఎత్తుకుని ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని ఇటు తిరిగి చూడలేదు.

నాలుగు నెలల తర్వాత చెల్లెలు నీళ్లు పోసుకుందని అమ్మ ఫోన్ చేసింది. ఆ తొమ్మిది నెలలూ నాకు కంటి మీద కునుకు సరిగా లేదు. క్లాసులో నిష్పత్తి అన్న మాట పలకాల్సి వస్తే నోరు తడబడేది. ఎవరికీ తెలియకుండా నేనూ మొక్కుకున్నాను. అవ్వను ఎన్ని మాటలన్నానో తలచుకుని సిగ్గుపడుతూనే మొక్కుకున్నాను.

పోయినేడు కాన్పు అయింది. మళ్లీ ఆడపిల్లే. మూడు వారాలకు వినికిడి పరీక్ష చేయించాం. రెండు చెవులూ బాగున్నాయని కాగితం ఇచ్చారు. ఆసుపత్రి వరండాలో చెల్లెలు గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

సంతోషం ఒక్కపూటే మిగిలింది. సాయంత్రానికల్లా అందరూ నెగ్గేశారు. మొక్కు ఫలించిందని అవ్వ. ఒకటి పోయింది గనక ఇది మంచిదని మామ. గ్రహణం నాడు ఇంట్లోంచి కదలనియ్యలేదు గనక అని అమ్మ. తప్పు లెక్క వేసినవాడికి కూడా నాలుగుసార్లలో మూడుసార్లు ఒప్పు జవాబే వస్తుంది, అదే ఇందులో ఉన్న దౌర్భాగ్యం. బిడ్డకు వినపడకపోతే వాళ్లు నా మాట వినేవాళ్లేమో. బిడ్డకు వినపడాలనే నేను కోరుకున్నాను. ఇక ఎవరితో ఏమని వాదించను?

చంటిదాన్ని ఉయ్యాల్లో వేసే రోజు నేను, నా భార్య, మా ఐదేళ్ల కొడుకు ఉదయగిరి పోయాం. ఇల్లంతా బంధువులు. పాట అయిపోయాక అవ్వ బిడ్డను ఉయ్యాల్లోంచి తీసి, చాప మీద కూర్చున్న నా కొడుకు ఒళ్లో పెట్టింది.

"బాగా పట్టుకోరా. నీ పెళ్లామే. రేపు నువ్వే ఏలుకోవాల."

అందరూ గొల్లున నవ్వారు. వాడు సిగ్గుపడి నావైపు చూశాడు. మేనత్త కూతురు, వరస కుదిరింది. మా వైపు ఉయ్యాల దగ్గర ఇలా అనడం మామూలే, తమాషాకే అంటారు. కానీ ఆ తమాషాలే ఇరవై ఏళ్లకు శుభలేఖలవుతాయి.

"ఏందవ్వా ఆ మాటలు?" అన్నాను.

"ఏమైందిరా?" అన్నాడు మామ. "ఈ పిల్ల బాగుండాది గదా. పొయ్యేది పెద్దదాంతో పొయింది. ఇంక భయమేంది?"

నేను లేచి నిలబడ్డాను. బిడ్డను వాడి ఒళ్లోంచి తీసి నా భార్యకు ఇచ్చాను. ఇక అరిచాను. ఈ పిల్ల బాగున్నా అది లోపల ఉండడానికి మూడింట రెండు వంతులు అవకాశం ఉందనీ, నాలో ఉంటే నా కొడుక్కీ వచ్చి ఉండొచ్చనీ, వీళ్లకు పుట్టబోయే పిల్లల చెవుల సంగతి ఎవరు చూస్తారనీ అరిచాను. "ఈ కొంపలో ఇంకొక్క మేనరికం జరిగిందంటే నేను ఈ గడప తొక్కను. నా కొడుకు విషయంలో ఎవరన్నా ఇంకోసారి నోరెత్తితే మర్యాద దక్కదు" అన్నాను. అవ్వ బిత్తరపోయింది. మామ చొక్కా వేసుకుని అంగడికి పోయాడు. బంధువులు తాంబూలం కోసమైనా ఆగకుండా ఒక్కొక్కరే జారుకున్నారు. పెద్దపాప గుమ్మంలో నిలబడి నా నోటివైపే చూస్తోంది.

పెరట్లోకి పోయి కుళాయి కింద మొహం కడుక్కున్నాను. ఇన్నేళ్లకు అనాల్సిన మాట అనగలిగానని లోపల కొంచెం తృప్తిగా కూడా ఉంది. చెల్లెలు తువ్వాలు తెచ్చి ఇచ్చింది. బాగా చెప్పావని అంటుందనుకున్నాను. నేను మొహం తుడుచుకునే దాకా ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు.

"నీకు మేనరికం వద్దని నాయనతో పోట్లాడినావు. ఇప్పుడు నీ కొడుక్కి వద్దని ఇంతమందిలో అరిచినావు. మంచిదేన్నా. మరి నాకెందుకు వద్దనలేదు?"

అప్పట్లో నేను చిన్నవాణ్ననీ, నా మాట ఎవరు వింటారనీ ఏదో గొణిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ పెళ్లి ఖాయం చేసే ముందు నాయన నన్ను పిలిచి అడిగాడు. చదువుకుంటున్నావు కదా, నువ్వేమంటావురా అని అడిగాడు. నేను వద్దంటే ఆగిపోయేదేమో. జన్యుశాస్త్రం పరీక్ష రాసి వచ్చి వారం కూడా కాలేదు. మేకలు కాచిన పెద్దాయన సంగతీ నాకు తెలుసు. కానీ మామంటే నాకు ప్రాణం. చెల్లెలు ఉదయగిరిలో అవ్వ దగ్గరే ఉంటే అమ్మకు బెంగ ఉండదు, ఇంట్లో పెళ్లి బాధ్యత తీరితే నేను బి.ఎడ్.కు పోవచ్చు. మామ మంచోడే గదా నాయనా అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

"నాయన నిన్ను అడిగేటప్పుడు నేను తలుపు ఎనకాల నిలబడి వింటానే ఉన్నాను" అంది చెల్లెలు. "మా అన్న చదువుకున్నోడు, వాడు వద్దంటాడులే అనుకున్నాను."